జత తప్పిన కత్తెరలు

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. పెళ్ళి శుభలేఖ మీద అచ్చవడానికి తప్ప అది మరెందుకూ పనికిరాలేదు. వీధి మొత్తానికి ఆయన గాబరా. ఎదురుగా గాబరాగారు, చాటున ఉత్త గాబరా. తాళం వేసి లాగి చూస్తాడు, సందు చివరిదాకా వెళ్తాడు, ఆగి వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తాడు. ఎదురుగా పోలీసు కనిపిస్తే, చెయ్యని దొంగతనమేదో బయటపడినట్టు రోడ్డుకి అవతలి పక్కకి మారిపోతాడు. ఫోను మోగితే ముందు చెయ్యి గుండె మీదికి వెళ్తుంది, తర్వాతే ఫోను మీదికి. జనం నవ్వుకుంటారు. నిశ్చింతగా బతికేవాళ్ళకి భయస్తుణ్ణి చూడటం మంచి కాలక్షేపం.

ఆ భయం పుట్టుకతో వచ్చింది కాదు, ఒకరు నేర్పితే వచ్చింది. చిన్న వయసులోనే ఇనుప సామాన్ల కొట్లో పనికి కుదిరాడు. గోడ నిండా సొరుగులు, ఒక్కో సొరుగులో ఒక్కో సైజు మేకులు, స్క్రూలు. ఒక సైజు మేకు పక్క సొరుగులో పడిందంటే యజమాని దాన్ని తీసి ఇతని అరచేతిలో పెట్టి, ఇది ఎవరింటి పిల్లరా అని అడిగేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా పని మానుకుని జవాబు కోసం నిలబడేవాళ్ళు. ఒకే రకం వస్తువులు ఒకే చోట ఉండాలన్నది అలా ఆయన ఒంట్లో దిగబడిపోయింది. పెళ్ళయ్యాక ఇంట్లో చెంచాలు కూడా సైజుల వారీగా సర్దేవాడు.

కత్తెరలు చేసే షెడ్డున్న ఒక పెద్దమనిషి రివెట్ల కోసం ఆ కొట్టుకి వస్తుండేవాడు. ఆయనకి ఇద్దరూ కూతుళ్ళే. పెద్దమ్మాయికి ఇల్లరికపు అల్లుణ్ణి వెతుకుతున్నాడు. వణికేవాడైతే చెప్పిన మాట వింటాడని లెక్క వేసుకున్నాడేమో, గాబరాని అడిగాడు. గాబరాకి కాదనడానికి కూడా భయమే. అలా ఆ ఇంట్లో అడుగుపెట్టాడు. మామగారు పోయాక షెడ్డు పెత్తనం పేరుకి ఈయనది, నిజానికి అత్తగారిది. ఆవిడ గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వచ్చేవాళ్ళని, పోయేవాళ్ళని, ముఖ్యంగా అల్లుణ్ణి చూస్తుంటుంది.

షెడ్డు పొడుగ్గా, రేకుల కప్పుతో ఉంటుంది. ఒక చివర సానరాయి. దాని దగ్గర పనిచేసే సాన మనిషి కనుబొమ్మల దాకా ఉక్కు పొడి అంటుకుని ఉంటుంది. రెండో చివర కిటికీ, కిటికీ కింద ఇనుప దిమ్మలాంటి చిన్న దాగలి, దాని ముందు గాబరా భార్య. ఆ షెడ్డుకి అసలు ప్రాణం అక్కడుంది.

కత్తెరలో ఒక్కో సగాన్ని వాళ్ళు రెక్క అంటారు. బొటనవేలు పట్టే చిన్న రెక్క ఒకటి, మిగతా వేళ్ళు పట్టే పెద్ద రెక్క ఒకటి. రెండూ తిన్నగా ఉంటే కత్తెర కొయ్యదు. ఒక్కో రెక్కా కంటికి ఆననంత వంపు తిరిగి ఉండాలి. మూస్తున్నప్పుడు రెండూ ఒక్క చోటే తగలాలి, ఆ తగిలే చోటు మొదలు నుంచి మొనదాకా జారుకుంటూ పోవాలి. ఆమె తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్న పని అది. ఒక పెద్ద రెక్కని, ఒక చిన్న రెక్కని తీసుకుని, దాగలి మీద సుత్తితో తడుతూ, వెలుతురులో పెట్టి చూస్తూ, దాన్ని దీనికి, దీన్ని దానికి సరిచేస్తుంది. అలా సరిపడ్డాక ఆ రెండూ ఒకదానికొకటే. వేరే రెక్కతో కలిపితే గుడ్డని నములుతుంది తప్ప కొయ్యదు. జత కుదరగానే రివెట్టు వేసి బిగించేస్తారు కాబట్టి మామగారి కాలం నుంచి అవి విడిపోయే ప్రశ్నే రాలేదు. ఏ రెక్క ఎవరిదో గుర్తు పెట్టాల్సిన అవసరమూ ఎవరికీ పడలేదు.

ఈలోగా అంగళ్ళలోకి యంత్రాల మీద చేసిన చవక కత్తెరలు దిగాయి. పాడైతే పారేసి ఇంకోటి కొనుక్కోవచ్చు. దర్జీలు షెడ్డు వైపు రావడం తగ్గించారు. సానరాయి ఒక పూట తిరిగితే ఒక పూట ఆగేది. చిన్న వ్యాపారాలు సముద్రాలు దాటాలని వేదికలెక్కి చెప్పే పెద్దలు అన్ని చోట్లా ఉంటారు. వాళ్ళు చెప్పారని ఎవరూ దాటరు. ఇవతలి ఒడ్డున నిలబడే చోటు లేకపోతే దాటుతారు.

దారి చూపించింది తోడల్లుడు, అంటే గాబరా భార్యకి చెల్లెలి మొగుడు. ఇతను ఫోను చేతిలో ఉంటే చాలు, లేని సరుకు కూడా అమ్మగలడు. కత్తెరల ఫొటోలు తీసి ఎక్కడెక్కడికో పంపాడు. ఒక అవతలి దేశంలో కుట్టుపని నేర్పే బడులకి సామాను సరఫరా చేసే ఒకావిడ జవాబిచ్చింది. నమూనాలు పంపమంది. పంపితే, పిడుల రంగు ఊడుతోందంది. రంగు మానేసి పిడిని కూడా సానపట్టి పంపారు. రివెట్టు వద్దు, స్క్రూ కావాలంది, పదును పోతే బడి పిల్లలు విప్పి మళ్ళీ సానపట్టుకుంటారట. స్క్రూ పెట్టిన కత్తెర తాళం లేని ఇల్లులాంటిదని గాబరా భార్య మొదట గొణిగింది. తర్వాత తనే స్క్రూకి సరిపోయేలా బెజ్జాన్ని మార్చింది. మూడోసారి పంపినవి బాగున్నాయంటూనే, స్క్రూ కింద ఒకటి రెండు చోట్ల ఎర్రటి మచ్చలు కనిపించాయని, ఓడలో చెమ్మ తగిలి ఉంటుందని, జాగ్రత్త పడమని చెప్పి అసలు సరుకు అడిగింది.

అత్తగారు ఆ రోజు ఇద్దరల్లుళ్ళనీ ఎదురుగా నిలబెట్టింది. షెడ్డుని గిడ్డంగికి అద్దెకి అడుగుతున్నవాడు అప్పటికే ఒకడున్నాడు.

"ఈ సరుకు అక్కడ నిలబడిందా, షెడ్డు నడుస్తుంది. లేదా, సానరాయి పీకించి అద్దెకిచ్చేస్తాను. తర్వాత నన్ను ఎవరూ అడగొద్దు" అంది.

చిన్నల్లుడు నవ్వాడు. పెద్దల్లుడికి భయం పట్టుకుంది. షెడ్డు పోతే తన పని పోతుందని కాదు. దాగలి ముందు నుంచి లేచి, చెయ్యడానికి ఏమీ లేక ఇంట్లో గోడకానుకుని కూర్చున్న భార్య కళ్ళ ముందు మెదిలింది. ఆ బొమ్మ ఆ తర్వాత ఆయన్ని వదల్లేదు.

సరుకంతా తయారైంది. భార్య చివరి జత బిగించి, తల్లిని కంటి ఆపరేషన్‌కి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఇంటివాళ్ళలో గాబరా ఒక్కడే మిగిలాడు. పళ్ళేల నిండా మెరుస్తున్న కత్తెరలు. వాటిని చూస్తుంటే ఆ ఎర్రటి మచ్చల మాట గుర్తొచ్చింది. వాటిపైన నూనె రాశారు, సరే. స్క్రూ కింద, రెక్కకీ రెక్కకీ నడుమ? అక్కడ చెమ్మ ఉంటే? ఓడ చీకట్లో, పెట్టెల్లో, ఒక్కో కత్తెర లోపల తుప్పు చీమలా పాకడం ఆయనకి ఇక్కణ్ణుంచే వినపడసాగింది. మధ్యాహ్నం భోజనం ముందు కూర్చున్నవాడు ముద్ద ఎత్తకుండానే లేచాడు.

అన్నీ విప్పి, లోపల తుడిచి, నూనె రాసి, మళ్ళీ బిగిద్దామన్నాడు. అమ్మాయిగారు వచ్చాక చూసుకుందామని సాన మనిషి నసిగాడు. అప్పటికి తుప్పు పట్టేస్తేనో అని గాబరా అడిగాడు. తుప్పేమన్నా బస్సెక్కి వస్తుందా అన్నాడు సాన మనిషి. అయినా యజమాని మాట. పెట్టెలు కట్టే పిన్నమ్మ కూడా వచ్చి కూర్చుంది. స్క్రూలు విప్పడం మొదలుపెట్టారు. గాబరా వాటిని తన అలవాటు ప్రకారం చక్కగా సర్దాడు. పెద్ద రెక్కలన్నీ ఒక తొట్టిలో. చిన్న రెక్కలన్నీ ఒక తొట్టిలో. స్క్రూలన్నీ ఒక గిన్నెలో. తుడిచారు, నూనె రాశారు, చేతికందిన పెద్ద రెక్కకి చేతికందిన చిన్న రెక్క బిగించారు. ఆ సాయంత్రం ఆయన తాళం ఒక్కసారే లాగి చూశాడు. పెళ్ళయినప్పటి నుంచి అంత నిబ్బరంగా ఉన్న రోజు లేదు.

మర్నాడు పిన్నమ్మ పెట్టెల్లో పరచడానికి గుడ్డ కోస్తూ ఒక కత్తెర అందుకుంది. రెండడుగులు కోసి ఆగింది.

"ఇది నములుతోందండీ" అంది.

ఇంకోటి తీసుకోమన్నాడు. అదీ నమిలింది. ఆయన లేచి వచ్చి మూడోది తీసుకున్నాడు. గుడ్డ రెక్కల మధ్య మడతపడి ఇరుక్కుంది. నాలుగోది మొదట్లో కోసి మొన దగ్గర పీకింది. సాన మనిషి రాయి ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో గాబరాకి ఒక్కసారిగా అర్థమైంది. కత్తెర చేతిలోంచి జారింది. ఖాళీ తొట్టి బోర్లించి దాని మీద కూలబడ్డాడు. పెళ్ళాం తన కంటితో, తన చేత్తో కలిపిన జతలన్నిటినీ ఒక్క పూటలో తనే విడగొట్టాడు. ఏది దేనిదో చెప్పే గుర్తు ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

తోడల్లుడు వచ్చాడు. విన్నాడు. పెద్దగా చలించలేదు.

"అన్నయ్యా, పెట్టెలు కట్టించు. దారిలో కుదుపులకి కదిలాయని నేను చెప్పుకుంటాను" అన్నాడు.

"మీ వదినకి ఏం చెప్పను?"

"ఏమీ చెప్పకు. నువ్వు మాట్లాడితేనే కదా చిక్కు."

లారీ వచ్చే ముందు ఆ అవతలి ఆవిడ ఫోనులో సరుకు చూస్తానందట. దానికీ ఉపాయం చెప్పాడు. పాత నమూనాల్లో మిగిలిన మంచి కత్తెరలు కొన్ని పై పెట్టెలో పైన పెట్టించాడు. గాబరా వద్దనలేదు. వద్దంటే ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియాలి, అది ఆయనకి తెలియదు. పెట్టెలకి టేపు అంటిస్తుంటే ఆ చప్పుడు తన ఒంటి చర్మం మీద అంటించినట్టుంది.

భార్యా, కంటికి కట్టుతో అత్తగారూ తిరిగొచ్చారు. రోజూ ఏదో ఒక భయం చెప్పుకునే మనిషి ఆ పూట ఒక్కటీ చెప్పలేదు. భార్య రెండుసార్లు ఆయన ముఖంలోకి చూసింది.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మీకు బాగానే ఉంటే నాకు భయమేస్తోంది" అని నవ్వింది. ఆయన నవ్వలేదు. చెబుదామని నోరు తెరిచి, మంచినీళ్ళడిగాడు.

లారీ సందులోకి వస్తూండగానే ఫోను మోగింది. తోడల్లుడు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. తెర మీద కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ, ఆవిడ వెనక అరల్లో దారపు ఉండలు. ఆవిడ భాష గాబరాకి పెద్దగా రాదు. సందేశాలు చదివీ చదివీ కొన్ని మాటలు పట్టుబడ్డాయి, అంతే. తోడల్లుడు తెలుగులోకి మార్చి చెబుతున్నాడు. పై పెట్టె విప్పబోతుంటే ఆవిడ చెయ్యి ఊపింది. అది కాదు, దాని కిందది. తోడల్లుడు ఒక క్షణం ఆగి, టేపు గట్టిగా వేశారని ఏదో చెప్పబోయాడు. ఆవిడ కదల్లేదు. కిందది.

గాబరా టేపు కోశాడు. కత్తెర తీశాడు. చెయ్యి ఎంత వణికిందంటే రెక్కలు వాటంతట అవే టకటకమన్నాయి. అలవాటుగా భార్య ముందుకొచ్చి, ఇటివ్వండి అని తీసుకుంది. కొయ్యడానికి గుడ్డ అందుకోబోతూ, కత్తెరని ఒక్కసారి ఉత్తినే మూసింది. ఆగింది. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ మూసింది.

"ఇది నేను కలిపిన జత కాదు" అంది.

పెట్టెలోంచి ఇంకోటి తీసింది. "ఇదీ కాదు."

తర్వాత మొగుడి వైపు చూసింది. కంటికట్టుతో కుర్చీలో ఉన్న అత్తగారు తల అటూ ఇటూ తిప్పుతోంది. ఏమైంది, ఏమంటోంది అని తెర మీది ఆవిడ అడుగుతున్నట్టుంది. తోడల్లుడు నవ్వు ముఖం పెట్టి, సిగ్నల్ సరిగ్గా లేదంటూ ఫోను కట్టెయ్యబోయాడు.

గాబరా అతని మణికట్టు పట్టుకున్నాడు. జీవితంలో ఇంకొకరి చెయ్యి పట్టుకుని ఆపడం ఆయనకి అదే మొదలు. తనకొచ్చిన నాలుగు ముక్కల్లో ఆ తెరకేసి చెప్పాడు. కొయ్యవు. అన్నీ. కలిసిపోయాయి. మాటలు అయిపోతే రెండు చేతులు దగ్గరగా పెట్టి, విడదీసి, ఒకదాన్ని ఒకదానితో మార్చి చూపించాడు. తర్వాత భార్యకి చెప్పాడు, తుప్పు భయంతో అన్నీ విప్పించాననీ, పెద్దవి ఒక తొట్టిలో, చిన్నవి ఒక తొట్టిలో వేశాననీ.

"సొరుగుల బుద్ధి" అంది భార్య. చేతిలో కత్తెరని పెట్టెలో పడేసింది.

తెర మీది ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ కాసేపట్లో గాబరా షెడ్డు ఖాళీ చెయ్యడం, సానరాయి పీకడం, గోడలకి సున్నం కొట్టించడం అన్నీ చూసేశాడు. చివరికి ఆవిడ ఒక ప్రశ్న వేసింది. తోడల్లుడు గొంతు తగ్గించి మార్చి చెప్పాడు. మా బడుల్లో పిల్లలు అందరూ ఒకేసారి విప్పుతారు, ఒకే బల్ల మీద పెడతారు, అప్పుడు ఏది దేనిదో వాళ్ళకెలా తెలుస్తుంది?

స్క్రూ అడిగినప్పుడు ఈ సంగతి ఆవిడకీ తట్టలేదు, పెట్టినప్పుడు వీళ్ళకీ తట్టలేదు. రివెట్టు ఉన్నంతకాలం పుట్టని ప్రశ్న అది.

ఆవిడ ఈ లారీ వద్దంది. కలిసిపోయినా మళ్ళీ జత కనుక్కునేలా చేసి చూపిస్తే అప్పుడు చూస్తానంది. మాటేమీ ఇవ్వలేదు. తెర నల్లబడింది. లారీ డ్రైవరు హారను రెండుసార్లు కొట్టి, తిట్టుకుంటూ వెనక్కి తిప్పుకున్నాడు.

గిడ్డంగివాడు ఇంకా అడుగుతూనే ఉన్నాడని తోడల్లుడు అత్తగారి చెవిన వేశాడు.

"ఆ ఫోనులో మనిషి వద్దే వద్దందా?" అని ఆవిడ అడిగింది.

"అనలేదనుకోండి, కానీ అత్తయ్యా..."

"అన్నాక ఇద్దాం."

ఆ మాటతో బతికిపోయామని ఊపిరి పీల్చుకునేంత ధైర్యం గాబరాకి లేదు. ఉరి ఆగలేదు, వాయిదా పడింది. గుర్తు పెట్టడం ఒక్కటే దారి అని ఆయనే అన్నాడు. ఇనుప కొట్లో ప్రతి సొరుగుకీ నంబరు ఉండేది. రెక్కల లోపలి వైపు, స్క్రూ కింద, బయటికి కనపడని చోట ఒకే నంబరు రెండింటి మీదా కొడదామన్నాడు. భార్య ఒప్పుకోలేదు. మా నాన్న చేసిన కత్తెర మీద గీత కూడా ఉండేది కాదు, ఇది ఖైదీలకి వేసే నంబరులా ఉంటుంది అంది. ఇంకో దారి లేక చివరికి కొట్టనిచ్చింది, మొదట కొట్టినవి కొన్ని చెడిపోయాయి. దెబ్బ గట్టిగా పడి రెక్క వంపు పోయింది. నంబరు ముందు కొట్టి, ఆ తర్వాత జత కలపాలని అలా తెలిసింది. అన్నీ విప్పారు. ప్రతి జతా ఆమె మళ్ళీ మొదటి నుంచి కలిపింది. ఆయన ఎదురుగా పీట వేసుకుని నంబర్లు కొట్టాడు. ఒక్క దెబ్బ అటూ ఇటూ అయితే ఉక్కు పాడవుతుంది. ప్రతి దెబ్బకీ ముందు ఆయన కళ్ళు మూసుకోబోవడం, తెరిచి కొట్టండి అని ఆమె కసరడం, ఆ రోజుల్లో మొగుడూ పెళ్ళాల మధ్య నడిచిన మాటలన్నీ దాదాపు అవే.

ఫోను తెర ముందు మళ్ళీ నిలబడ్డారు. ఈసారి ఆవిడ చెప్పిన పెట్టెలోవి విప్పి, తొట్టిలో వేసి, ఆవిడ చూస్తుండగా కలగలిపేశారు. పిన్నమ్మని పిలిచి, నంబర్లు చూసి జతలు బిగించమన్నారు. బిగించింది. గాబరా భార్య ఒక్కోదాన్నీ తడిగుడ్డ మీద మొనదాకా కోసింది. అవతలి ఆవిడ తలూపింది. సంతోషించినట్టు కాదు, సరే పంపండి అన్నట్టు.

సరుకు వెళ్ళాక అసలు నరకం మొదలైంది. ఏ సముద్రంలో గాలివాన లేచినా గాబరాకి ఫోనులో కనిపించేది. ఆ ఓడ ఆ దారిన పోదని తోడల్లుడు చెబితే, దారి మళ్ళితేనో అనేవాడు. ఫోను మోగితే చాలు, షెడ్డులో అందరి చేతులూ ఆగేవి. ఆ భయం చివరికి అందరికీ అంటింది. ఒకరోజు అత్తగారు కూడా ఏమైనా తెలిసిందా అని అడిగింది.

సందేశం ఒక పగటిపూట వచ్చింది. గాబరా దాన్ని తెరవకుండా షెడ్డంతా ఒకసారి నడిచి వచ్చి, అప్పుడు తెరిచాడు. సరుకు బడులకి చేరింది. పిల్లలు విప్పారు, సానపట్టారు, నంబరు చూసి బిగించుకున్నారు. ఇంకా కావాలంటున్నారు. తోడల్లుడు గట్టిగా చదివాడు. అత్తగారు విని, గిడ్డంగివాడికి కబురు పెట్టమంది, షెడ్డు ఖాళీ లేదని. సాన మనిషి రాయి తిప్పడం మొదలుపెట్టాడు.

సందేశం అక్కడితో అయిపోలేదు. కింద ఇంకో వాక్యం ఉంది. తోడల్లుడు అప్పటికే ఫోను ఇచ్చేసి వెళ్ళిపోయాడు, గాబరా ఒక్కడే తెలిసిన మాటలు కూడబలుక్కుని చదువుకున్నాడు. కొందరు పిల్లలు ఎడమచేతివాటం వాళ్ళు, వాళ్ళకి ఎడమచేతి కత్తెరలు చెయ్యగలరా?

ఎడమచేతి కత్తెర అనేది ఒకటుంటుందని ఆయనకి తెలియదు. బల్ల మీది కత్తెరని ఎడమ చేత్తో పట్టుకుని గుడ్డ కోసి చూశాడు. వేళ్ళ ఒత్తిడికి రెక్కలు ఒకదాన్నొకటి దూరంగా తోసుకున్నాయి, గుడ్డ మధ్యలోంచి జారిపోయింది. అంటే వంపు అటుదిటు కావాలి. స్క్రూ అటుదిటు. ఇన్నేళ్ళుగా భార్య చేతికి తెలిసిన ప్రతి దెబ్బా తలకిందులు కావాలి. చెయ్యలేమని రాస్తే మిగతావి కూడా వద్దంటారేమో. చేస్తామని రాసి చెయ్యలేకపోతే?

ఫోను పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. భార్య తల ఎత్తింది. వాక్యాన్ని తెలుగులో చెప్పాడు. ఆమె కాసేపు తన రెండు చేతుల్నీ చూసుకుంది. సుత్తి ఎడమ చేతిలోకి మార్చుకుని దాగలి మీద ఒకటి వేసింది. దెబ్బ అంచుకి తగిలి పక్కకి జారింది.

"పనికిరాని రెక్కలు కొన్ని పట్టుకురండి" అంది.

ఆయన తెచ్చాడు. తెస్తుంటే అవి చేతుల్లో ఒకదానికొకటి తగులుతూ మోగుతూనే ఉన్నాయి.